బెజవాడ రేడియోయు బాలమురళియు

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రసారములు ప్రారంభించినది. అంతకు పూర్వము కృష్ణాతీరపు శ్రోతలకు మదరాసు కేంద్రమే దిక్కు. 1938లో ఆ కేంద్రము వెలసినది మొదలు, తెలుగువాడు తన పాట తాను వినవలెనన్న అరవపు వంతు ముగియుదాక చెవియొగ్గి కాచుకొని యుండవలసి వచ్చెడిది. డెబ్బదియైదేండ్లు నిండిన మన కేంద్రచరిత్రమును వ్రాయువారు సాధారణముగ పున్నమ్మతోట భవనములతోను ట్రాన్స్‌మిటర్ల శక్తితోను మొదలిడుదురు. నాకు మాత్రము, కేంద్రము పుట్టుటకు పదేండ్లకు ముందే, ఈ యూర త్యాగరాజారాధన వేదికపై ఎనిమిదేండ్ల బాలుడొకడు కూర్చుండి కచేరీ చేసిన నాడే ఆ చరిత్రకు నాంది పలుకబడినదని తోచును.

ఆ బాలుడు మంగళంపల్లి మురళీకృష్ణ. 1930 జూలై 6న కోనసీమయందలి శంకరగుప్తమున జన్మించెను. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. బిడ్డ పురిటి పక్కలో నుండగనే ఆమె పరమపదించినది. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు, వయొలిన్, వీణ వాయింపనేర్చిన విద్వాంసులు. అట్టివారు పిల్లవానికి తామే చెప్పుకొని తృప్తిపడక పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించిరి. ఈ యప్పగింతలోని వివేకము గమనింపదగినది. తండ్రి యొద్ద విద్య కలదు, పంతులుగారి యొద్ద పరంపర కలదు. త్యాగరాజస్వామికి మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయనకు పెదకళ్లేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రులు, శాస్త్రులవారికి పంతులుగారు: ఇట్లు తంజావూరి పాఠాంతరము తరతరముగ నడచి కృష్ణకాలువల దరికి చేరినది. పేరునకు ముందు ‘బాల’ శబ్దమును చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు.

బాలమేధావులనేకులు మీసములు వచ్చునప్పటికి సామాన్యులగుట లోకమెరిగినదే. ఇతడట్లు గాక, పదునైదవ యేటికి డెబ్బదిరెండు మేళకర్తలను స్వాధీనమొనర్చుకొని, ఒక్కొక్క మేళమునకొక్క కృతి వంతున రచింపగడగెను. ఆ కృతులు 1952లో ‘జనకరాగ మంజరి’ యను పేర అచ్చయినవి. ఆ డెబ్బదిరెంటిలో నలుబది వివాదిమేళములు. పెద్ద పెద్ద విద్వాంసులు సైతము వానికి దూరమునుండియే నమస్కరించి పోవుచుందురు. షట్‌శ్రుతి రిషభమును అంతర గాంధారము సరసన నిలిపి, చెవికి ములుకు తగులకుండ పలికించుట కత్తిమీది సాము. ఆ సాము మీసకట్టు రాని కుఱ్ఱవాడు చేసెనన్న, మనకు మిగులునది విమర్శ గాదు, విస్మయమే. ఇదిగాక మృదంగము, కంజీర, వయొలిన్, వయోలా! పక్కవాద్యముగ వయోలా పట్టిన గాయకుని కర్ణాటక సంగీతమున మరియొకని వెదకుట కష్టము.

ఇంతటి విద్యకు బెజవాడ రేడియో ఏమిచ్చినది? కీర్తి యిచ్చినదందురు, అది సగము మాట. నా యెఱిగినంతలో అది యిచ్చినది నిగ్రహము. సభలో కచేరీ గాయకుని చిత్తము; స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగినంత సేపే పాట. ఆయన ఈ కేంద్రమున ప్రయోక్తగ నున్న కాలమున రూపుదిద్దుకొన్న ‘భక్తిరంజని’ యను ఉదయపు కార్యక్రమములో రామదాసు కీర్తనలు, తరంగములు, అన్నమయ్య సంకీర్తనలు, బైరాగులు పాడుకొను తత్త్వములు చోటు చేసికొన్నవి. కల్పనాస్వరముల చెలరేగి లెక్కలతో మార్దంగికుని చెమటలు పట్టింపగల కంఠము, ఇచ్చట సంగతులను విడిచి, బృందములో కడపటివాడు సైతము తప్పక పాడగల వరుసలు కట్టి, మాట మాటయు తెలియునట్లు పలికెను. పాండిత్యమును దాచికొనుట చూపుటకంటె దుష్కరము. శ్రీరంగం గోపాలరత్నము, వోలేటి వేంకటేశ్వర్లు, వయొలిన్‌పై అన్నవరపు రామస్వామి వంటివారు అదే యావరణలో నుండుట, సంగీతవిభాగమునకు రజనీకాంతరావుగారి వంటి కవిగాయకుని అండ దొరకుట, ఈ కేంద్రపు భాగ్యము.

తెలతెలవాఱుచుండగ కాఫీ హోటలులో పెసరట్ల పెనముపై నీళ్లు చిలుకరించు చప్పుడు నడుమ, గల్లాపెట్టె పైనున్న వాల్వుల సెట్టు ఒక్కమారు బుర్రుమని, పిదప తంబుర శ్రుతి నిండెడిది. కప్పు చేతబట్టిన రిక్షా కార్మికుడును, కోర్టుపక్షిగ జిల్లా కేంద్రమునకు బయలుదేరిన మోతుబరియు ఒకే కీర్తనకు చెవియొగ్గెడివారు. టిక్కెట్టు కొని సభకు వచ్చువారిలో వీరిరువురును లేరు.

తరువాతి ముచ్చట లోకవిదితము. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రథమ ప్రధానాచార్యుడయ్యెను, 1967లో ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున నారదుడయ్యెను, మదరాసులో స్థిరపడెను, 1991లో పద్మవిభూషణుడయ్యెను, 2016 నవంబరు 22న అచ్చటనే కన్నుమూసెను. 1988లో దూరదర్శనము దేశైక్యమును చాటుచు భాషకొక చరణముగ కూర్చిన గీతములో, మన బెజవాడ బాలుని వంతునకు వచ్చినది అరవ చరణము. ఒకనాడు అరవము ముగియుదాక కాచుకొన్న శ్రోతల సంతతివారు దానిని పరమానందముతో వినిరి.