లేత నీలం కాడిలాక్

1952 ఆగస్టు 11న కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ ఉద్యోగం ఊడింది. తీసేసింది గ్రాండ్ ఓల్ ఓప్రీ. శనివారం రాత్రయితే చాలు, అమెరికా దక్షిణాది పల్లెజనం ఈ నాష్‌విల్ కార్యక్రమం కోసం రేడియో చుట్టూ చేరేవారు. కంట్రీ సంగీతానికి అంతకు మించిన గద్దె లేదు. మూడేళ్ల కిందట, 1949 జూన్‌లో, ఇదే వేదిక మీద అతను మొదటిసారి పాడినప్పుడు ఆరుసార్లు 'మళ్లీ, మళ్లీ' అని పాడించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడేమో తాగి వస్తున్నాడు, ఒక్కోసారి అసలు రావడమే లేదు. పొమ్మన్నారు.

చిత్రమేమిటంటే, అతని 'జంబలాయా' పాట అప్పటికే కంట్రీ పాటల పట్టికలో పైకి ఎగబాకుతోంది. తర్వాత 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. పాట కావాలి, పాడేవాడు వద్దు. ఆ ఏడాదంతా ఇదే వరస.

తాగుడే ముంచిందని తేల్చేయడం సులువు. నేను ఒప్పుకోను. అలబామాలో పుట్టినప్పుడే అతని వెన్నెముకలో లోపం ఉంది. నల్లజాతి వీధి గాయకుడు రూఫస్ పేన్ దగ్గర గిటారు నేర్చుకున్న పిల్లాడు, ఆ నొప్పిని కూడా మోస్తూనే పెరిగాడు. 1951 డిసెంబరులో ఆపరేషన్ చేశారు, తగ్గలేదు. నొప్పికి మందు, మందుకు తోడు మద్యం. భార్య ఆడ్రీతో విడాకులయ్యాయి. చివరి నెలల్లో చేరదీసిన 'డాక్టరు' టోబీ మార్షల్ ఫోర్జరీ కేసులో జైలుకెళ్లి పెరోల్ మీద బయటికొచ్చినవాడు, డబ్బిచ్చి డిగ్రీ కొనుక్కున్నవాడు. అతను రాసిచ్చిన క్లోరల్ హైడ్రేట్ మద్యంతో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది.

అయినా గొంతు చెడలేదు. సెప్టెంబరు 23న నాష్‌విల్ స్టూడియోలో ఒక్క పూటలో 'యువర్ చీటిన్ హార్ట్', 'కా-లైగా', 'టేక్ దీజ్ చెయిన్స్ ఫ్రమ్ మై హార్ట్' రికార్డు చేశాడు. మళ్లీ స్టూడియో గడప తొక్కలేదు.

అక్టోబరులో రెండో పెళ్లి. వధువు బిల్లీ జీన్. 18న పెళ్లయిపోయింది. అయినా మర్నాడు న్యూ ఆర్లీన్స్ ఆడిటోరియంలో జనం ముందు మళ్లీ రెండుసార్లు చేశారు, మ్యాట్నీ ఒకటి, రాత్రి ఆట ఒకటి అన్నట్టు. పెళ్లికి శుభలేఖలుంటాయి. దీనికి టికెట్లు. వేలమంది కొన్నారు.

డిసెంబరు 30న మాంట్‌గామరీ నుంచి లేత నీలం కాడిలాక్‌లో బయలుదేరాడు. కారు నడిపింది కాలేజీ కుర్రాడు. 31న చార్ల్‌స్టన్‌లో, జనవరి 1న ఒహాయోలోని క్యాంటన్‌లో కచేరీలు. నాక్స్‌విల్‌లో విమానమెక్కారు. వాతావరణం బాగాలేక అది వెనక్కి తిరిగింది. చార్ల్‌స్టన్ కచేరీ పోయింది. హోటల్ గదికి వచ్చిన వైద్యుడు మార్ఫిన్, బి12 ఇంజెక్షన్లు ఇచ్చాడు. హోటల్ పనివాళ్లు అతన్ని దాదాపు మోసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. రాత్రంతా ప్రయాణం. తెల్లవారుజామున వెస్ట్ వర్జీనియాలో ఎక్కడో, దుప్పటి జారినట్టు కనిపించి సర్దబోయాడు ఆ కుర్రాడు. తగిలిన చెయ్యి చల్లగా, కొయ్యలా ఉంది. ఓక్ హిల్ ఆసుపత్రిలో పోయాడన్న సంగతి ఖాయం చేశారు. వయసు 29.

క్యాంటన్‌లో వార్త ప్రకటిస్తే ముందు కొందరు నవ్వారట. రాకపోవడానికి మరో సాకు అనుకున్నారు పాపం. తెర వెనక తోటి కళాకారులు అతని 'ఐ సా ద లైట్' ఎత్తుకున్నాకే హాలుకు విషయం అర్థమైంది.

జనవరి 4న మాంట్‌గామరీలో అంత్యక్రియలు. 20 వేలకు పైగా జనం. ఓప్రీ నుంచి రాయ్ అకఫ్, ఎర్నెస్ట్ టబ్, రెడ్ ఫోలీ వచ్చి పాడారు. రెండు రోజుల తర్వాత అదే ఊళ్లో, వేరొక స్త్రీకి, అతని కూతురు పుట్టింది. తండ్రి ఎవరో కోర్టు చెప్పేసరికి ఆమెకు ముప్పై దాటాయి. ఆ 1953లో అతని పాటలు నాలుగు మొదటి స్థానానికి వెళ్లాయి.

ఆ కాడిలాక్‌ను మాంట్‌గామరీలో అతని పేరిట ఉన్న మ్యూజియంలో పెట్టారు. చూడాలంటే టికెట్టు కొనాలి.