వాసనకు రూపు కట్టిన కథలు

తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి, అక్కడినుండి దక్షిణంగా కైకలూరు దారి పట్టినవారికి కొల్లేరు కంటికి కనిపించక ముందే ముక్కుకు తెలుస్తుంది. కుళ్ళిన తుంగ, ఎండుతున్న చేప, పక్షుల రెట్ట, నీరు తీసిన అడుసు, ఇవన్నీ కలిసిన వాసన అది. పగటివేళ దానిని ఎవరూ పట్టించుకోరు. చీకటి పడిన పిమ్మట అదే వాసన ఒక్కసారి గుప్పుమంటే మాత్రం ‘అక్కడ ఏదో ఉన్నది’ అనిపిస్తుంది. ఆ ‘ఏదో’ అన్న మాట నుండి పుట్టిన కథలు లోకమంతటా ఉన్నవి.

అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ అనేచోట 1958లో రోడ్డు వేస్తున్న పనివారికి మిక్కిలి పెద్ద పాదముద్రలు కనిపించాయి. స్థానిక పత్రిక ఆ వార్తను ప్రకటించడంతో ‘బిగ్‌ఫుట్’, అనగా పెద్దపాదం, అన్న పేరు దేశమంతా వ్యాపించింది. 2002లో ఆ పనుల కాంట్రాక్టరు మరణించిన తరువాత, అవి ఆయన కొయ్యపాదాలతో వేయించిన ముద్రలేనని కుటుంబంవారు వెల్లడించారు. అయినా కథ ఆగలేదు. ఆ జంతువును చూచామన్నవారు పలువురు భరించరాని దుర్గంధాన్ని కూడా వర్ణించారు. ఫ్లారిడా చిత్తడినేలలలో దానికి ‘స్కంక్ ఏప్’ అన్న పేరే వచ్చింది. స్కంక్ అంటే తోకక్రింది గ్రంథుల నుండి దుర్వాసన చిమ్మే చిన్న జంతువు. ఆ మహాకాయపు ఎముక ఒక్కటైనా నేటివరకు దొరకలేదు. మరి వాసన ఎక్కడిది? నిప్పు లేనిదే పొగ రాదంటారు. కాని పొగను చూచి అది ఏ పొయ్యిదో చెప్పడం తేలిక కాదు.

మొదటి సమాధానం జంతువులే. ఎలుగుబంటి రెండు కాళ్ళపై నిలబడగలదు. చచ్చిన జంతువుల మాంసమూ తింటుంది. తడిసిన బొచ్చుకు ఆ కంపు తోడైతే, మసకవెలుతురులో చూచినవారికి అది మరొకటిగా తోచడంలో వింత లేదు. వాసనతో తన ఉనికిని చాటుకొనే ప్రాణులు మనకూ ఉన్నవి. నీరుకుక్క తన పెంటతో గట్లమీద సరిహద్దులు గుర్తుపెట్టుకొంటుంది. పునుగుపిల్లి గ్రంథుల నుండి వచ్చే పదార్థం పచ్చిగా ఘాటైనది. కొద్దిపాటిగా కలిపితే అదే పరిమళం. తిరుమల శ్రీవారి సేవలో పునుగు తైలానికి స్థానం ఉన్నది. ఒకే ప్రాణి వాసన అడవిలో భయమూ, గర్భగుడిలో భక్తీ కలిగిస్తున్నదన్నమాట.

రెండవ సమాధానం నేలలోనే ఉన్నది. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరే సరస్సు అంచున కర్రతో అడుసును కదిపి, పైకి లేచిన బుడగలను సీసాలలో పట్టి, ఆ వాయువు మండుతుందని చూపించాడు. నేడు దానినే మీథేన్ అంటున్నాము. గాలి సోకని అడుసులో ఆకులలములు కుళ్ళినప్పుడు అది పుడుతుంది. దానికి వాసన లేదు. కుళ్ళిన కోడిగ్రుడ్డు కంపు దానితో కలిసి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడుది.

ఒక సాయంత్రం మేము రికార్డింగు యంత్రంతో ఒక లంకగ్రామానికి దోనెమీద పోతుండగా, గెడ దిగినచోట బుడగలు లేచి ఆ కంపే వచ్చింది. మేము ముక్కు మూసుకొన్నాము. దోనె నడిపే పెద్దాయన నవ్వి, ‘దెయ్యం కాదండి బాబూ, అడుసు తేన్పు’ అన్నాడు. వోల్టా పేరు ఆయన వినలేదు. కాని వోల్టా కర్రతో చేసిన పనినే ఆయన నిత్యమూ గెడతో చేస్తున్నాడు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన మట్టిని, మొక్కల కుళ్ళును యుగాలుగా దాచుకొన్న సరస్సు ఇది. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా దీనికి గుర్తింపు వచ్చింది. 2006లో చేపలచెరువుల గట్లు పెద్దయెత్తున కొట్టివేశారు. పారని నీటిలో మేత, ఎరువు, మురుగు పేరుకొంటే కంపు హెచ్చుతుంది. అప్పుడు వాసన కథ చెప్పడం లేదు, ఫిర్యాదు చేస్తున్నది.

ఇందులో ప్రాణాల ప్రసక్తి కూడా ఉన్నది. పాడుబడిన బావిలో దిగినవాడు తిరిగి రాకపోతే దెయ్యం పట్టిందనేవారు; అతనిని తీయబోయిన రెండవవాడూ పడిపోయేవాడు. ఆ దెయ్యం ప్రాణవాయువు లేమి, లేదా అడుగున పేరుకొన్న విషవాయువు. హైడ్రోజన్ సల్ఫైడు హెచ్చయినప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయిందని ధైర్యపడిన క్షణమే మిక్కిలి ప్రమాదకరం. దీపం దించి చూసే పాత అలవాటు ప్రాణవాయువు తక్కువైనదని చెప్పగలదు గాని, మండే వాయువు ఉన్నచోట ఆ దీపమే మృత్యువు. వాయువును కొలిచే సాధనమూ, గాలి అందించే ఏర్పాటూ లేనిదే ఎవరూ దిగరాదు.

వాసనకు రూపు కట్టడం మనసుకు సహజం. ఆ రూపును చూచి పారిపోక, అది వచ్చిన చోటు వెదకడం మన పెద్దలు గెడతోనూ, వోల్టా కర్రతోనూ మనకు నేర్పిన పని.