కబురు నుంచి యాప్ దాకా: సూరత్ నగరం చెప్పే చరిత్ర

మొబైల్ ఫోన్ యాప్ నిన్నమొన్నటిది కదా, దానికి చరిత్ర ఏముంటుందని మీకు అనిపించవచ్చు. ఫోను కొత్తదే. కానీ అది చేస్తున్న పని, అంటే జబ్బు ఎక్కడ ఉందో సకాలంలో తెలుసుకొని వైద్యాన్ని అక్కడికి చేర్చడం, చాలా పాతది. ఆ పని జరగకపోతే ఏమవుతుందో తెలియాలంటే 1994 సెప్టెంబరు నాటి సూరత్‌కు వెళ్ళాలి.

సూరత్‌లో ఉధ్నా రైల్వే స్టేషను సమీపాన లింబాయత్, నవాగామ్, డిండోలి అనే బస్తీలు ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. మరమగ్గాలను మనవాళ్ళు ‘సాంచాలు’ అంటారు. ఆ సాంచాల చప్పుడులోనే రెండు మూడు తరాలు పెరిగాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

1994 సెప్టెంబరులో వరదలు తగ్గిన కొద్ది రోజులకే సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పుట్టింది. 50కి పైగా మరణాలు నమోదయ్యాయి. ఎలాంటి జబ్బు, ఎంతమందికి వచ్చింది, ఏ వీధిలో ఉంది అన్న ప్రశ్నలకు నమ్మదగిన జవాబు చెప్పేవారు లేరు. జవాబు లేనిచోట పుకారు రాజ్యమేలింది. కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్ళు, బస్సులు పట్టుకొని ఊరు విడిచిపోయారు. వారిలో ప్రైవేటు వైద్యులు కూడా ఉన్నారు! ప్లేగుకు టెట్రాసైక్లిన్ అనే చవకైన మందు అప్పటికే ఉంది. మందు ఉన్నా, రోగి ఎక్కడున్నాడో తెలియకపోతే దానివల్ల లాభం తక్కువ.

1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, అధికారాలను జోన్ల అధికారులకు పంచారు. అధికారులు రోజూ కొన్ని గంటలు వీధుల్లో తిరిగి పని చూడాలన్నారు. చెత్త ఎత్తివేత అందరికీ కనిపించిన మార్పు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఆసుపత్రుల నుంచి జబ్బుల లెక్కలు క్రమంగా తెప్పించుకొనే అలవాటు. అది కాగితం మీద, టెలిఫోను మీద నడిచిన ‘యాప్’ అనుకోండి. 2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో అధిక భాగాన్ని ముంచినప్పుడు ఈ అలవాటు అక్కరకు వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల్లో మలేరియా, డెంగీ వంటి జబ్బుల కేసులను మొబైల్ ఎస్సెమ్మెస్ ద్వారా తెలిపే పద్ధతిని కూడా సూరత్‌లో ప్రయోగించారు.

ఇలాంటి ప్రయోగమే టాంజానియాలో జరిగింది. 2009లో మొదలైన ఒక పథకంలో పల్లె ఆరోగ్య కేంద్రాల వారు మలేరియా మందు ఎంత మిగిలిందో వారానికొకసారి ఎస్సెమ్మెస్ పంపారు. ఏదో ఒక మలేరియా మందు నిండుకున్న కేంద్రాలు మొదట 78 శాతం ఉండగా, 21 వారాల్లో 26 శాతానికి తగ్గాయి. సందేశం దానంతట అది మందును మోసుకురాలేదు. దాన్ని చదివి, పక్క కేంద్రం నుంచి మందు తరలించవలసిన జిల్లా అధికారి ఎవరో ముందే నిర్ణయించారు. యాప్‌ను వైద్యసేవలో ‘కలపడం’ అంటే ఇదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలోనూ ఫోను ఎత్తేవారి వెనుక అంబులెన్సు సిద్ధంగా ఉండేది. అది 2007లో గుజరాత్‌కూ చేరింది.

సూరత్‌కు దూరం కాని ఝగడియాలో సేవా రూరల్ సంస్థ ఆశా కార్యకర్తల కోసం ఒక యాప్ తయారుచేసింది. ఈ రోజు ఏ బాలింత ఇంటికి వెళ్ళాలి, ఏమేమి చూడాలి అన్నది అది చెబుతుంది. ప్రమాద లక్షణం కనిపిస్తే ఆ కబురు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరుతుంది. ఈ అనుభవంతోనే గుజరాత్ ప్రభుత్వం రాష్ట్రమంతటికీ టెకో ప్లస్ అనే ఏర్పాటు చేసింది.

తరువాత 2020 వచ్చింది. మార్చిలోనే సూరత్ నగరపాలక సంస్థ కోవిడ్ ట్రాకర్ యాప్ తెచ్చింది. ఇంట్లో విడిగా ఉండవలసినవారు తమ సెల్ఫీని, ఉన్న చోటును, ఆరోగ్య స్థితిని దాని ద్వారా పంపాలి. విదేశాల నుంచి వచ్చి సొంత గదిలో ఉన్నవారికి ఇది సరిపోయింది. పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు ఒకే గదిని పంచుకునే మరమగ్గాల కార్మికుడు ‘విడిగా’ ఎక్కడ ఉంటాడు? ఆ ఏప్రిల్‌లో లింబాయత్ జోన్‌లో కేసులు ఎక్కువగా వచ్చాయి. అక్కడ యాప్ కంటే ఇల్లిల్లూ తిరిగిన సిబ్బంది, వీధుల్లోకి వచ్చిన ధన్వంతరి రథాలే ఎక్కువ అవసరమయ్యాయి.

టీకాల సంగతి మరింత ఆలోచించదగినది. 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్ళవారికి టీకాలు మొదలైనప్పుడు కోవిన్‌లో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి. కోవిన్ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి వచ్చింది జూన్‌లో! నేరుగా కేంద్రానికి వెళ్ళి నమోదు చేయించుకొనే వీలు మే 24 నుంచి కొన్నిచోట్ల, జూన్ 21 నుంచి అంతటా కలిగింది. బడిలో ఏడు భాషలకు చోటిచ్చిన నగరంలో టీకా కోసం ఇంగ్లీషు తెరతో కుస్తీ పట్టవలసి వచ్చిందంటే, లోపం సాంకేతిక జ్ఞానంలో ఉందా, దాన్ని అమర్చిన తీరులో ఉందా? మీరే ఆలోచించండి.

చివరగా క్షయ. మందును నెలల తరబడి మానకుండా మింగాలి. 99డాట్స్ అనే పద్ధతిలో మాత్ర తీయగానే అట్ట వెనుక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే మాత్ర వేసుకున్నట్లు లెక్క. స్మార్ట్ ఫోను అక్కరలేదు, ఖర్చు లేదు. నాకు ఎంతో నచ్చిన ఉపాయమిది. అయితే మూత్ర పరీక్షలతో పోల్చి చూసినప్పుడు కాల్ ఇచ్చినవారందరూ మాత్ర మింగలేదని, ఇవ్వనివారిలో కొందరు మింగారని తేలింది. కాల్ రాని ఇంటికి వెళ్ళే ఆరోగ్య కార్యకర్త ఇప్పటికీ కావాలి.

2012లో మొదలైన నిక్షయ్ అనే జాతీయ నమోదులో ప్రతి క్షయ రోగికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. నవాగామ్‌లో చికిత్స మొదలుపెట్టిన నేత కార్మికుడు పండుగకో, పని లేకనో సిరిసిల్ల వెళ్ళవలసి వస్తే, అతని వివరాలను ఇక్కడి కేంద్రం అక్కడికి బదిలీ చేయగలదు. వెనుకటి కాలంలో అలా వెళ్ళినవాడు రెండు రిజిస్టర్ల మధ్య మాయమయ్యేవాడు. ఇప్పుడు సిరిసిల్ల కేంద్రంలో ఎవరో ఒకరు ఆ బదిలీని తెర మీద చూసి, అంగీకరించి, అతని మందు డబ్బా తీసి పెట్టాలి.