ఇనుము ఏరే చేతుల మీద అనుమానం ఎక్కడిది?

తిరుపతిలో, రేణిగుంటలో, చిత్తూరులో కూలి దొరకని రోజు మనవాళ్లు చేసే పని ఒకటుంది. గోనెసంచి భుజాన వేసుకుని మేకులు, కమ్మీ ముక్కలు, డబ్బా రేకులు ఏరి గుజరీ అంగట్లో అమ్ముకుంటారు. మునిసిపాలిటీ చెత్తబండి మీద పనిచేసేవాళ్లకూ జీతం చాలని నెలలో అదే ఆసరా. ఆ సంచి కనబడగానే 'ఎక్కడ ఎత్తుకొచ్చావ్?' అని అడుగుతారు. ఈ ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలులు ఊరి బయట ఉండాలని, పగిలిన పాత్రల్లో తినాలని, ఇనుప నగలే పెట్టుకోవాలని శాసించింది. అంటే ఇతరులు పారేసిందే మన ఆస్తి, ఇనుమే మన గుర్తు.

తర్వాత బ్రిటిష్ వాళ్లు వచ్చారు. ఎరుకలవాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి బతికేవాళ్లు. రైలు వచ్చాక ఆ బేరం దెబ్బతినింది. బతుకుదెరువు పోయినవాళ్ల మీదే దొంగల ముద్ర పడింది. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకే నేరమైంది. దాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు.

చట్టం పోయింది, అనుమానం పోలేదు. 1966లో వచ్చిన రైల్వే ఆస్తి చట్టం చూడండి. దొంగసొత్తని అనుమానించదగ్గ రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని వాళ్లే రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే ఐదేళ్ల దాకా జైలు. చట్టంలో కులం పేరు లేదు. కానీ రసీదు ఎవరి దగ్గర ఉంటుంది? టెండర్లో టన్నులు కొన్న కాంట్రాక్టరు దగ్గర. కిలోల లెక్కన ఏరుకున్న అవ్వ దగ్గర ఉండదు.

మరి ఆ ఇనుము విలువెంత? 2019లో కేంద్ర ఉక్కు శాఖ తెచ్చిన తుక్కు విధానమే చెబుతుంది: టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు ఆదా. ఫ్యాక్టరీ గేటు దాటితే దేశ సంపద, మన సంచిలో ఉంటే దొంగసొత్తు!

2016 ఘన వ్యర్థాల నియమాలు చెత్త ఏరేవాళ్లను గుర్తించాలని, గుర్తింపు కార్డులివ్వాలని మునిసిపాలిటీలకు చెప్పాయి. విద్యార్థి మిత్రులారా, మీ ఊరి గుజరీ అంగడి దగ్గరికి పోండి. కార్డు ఎంతమందికి వచ్చిందో అడగండి. రానివాళ్లను వెంటబెట్టుకుని కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి. మనవాళ్లు అడుక్కోవడం లేదు, చేసిన పనికి పేరు అడుగుతున్నారు.

జై భీమ్!