ఫాలోవర్ల జాబితాను చరిత్ర ఆధారంగా చదవడం: భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఫాలోవర్ల జాబితాను ఫైలుగా పొందే విధానాన్ని వివరించగలుగుతారు.
• అందులోని కాలం, స్థలం వివరాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• జాబితాలో లేనివారి గురించి ప్రశ్నించగలుగుతారు.
• పేర్ల జాబితాను దగ్గర ఉంచుకున్నవారి బాధ్యతను గుర్తించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

విద్యార్థులారా! మీలో ఒకరు భద్రాచలం ప్రాంత చరిత్రపై ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ నడుపుతున్నారనుకుందాం. ఆ పేజీకి రెండు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. "మన ప్రాంత చరిత్రను రెండు వేల మంది చదువుతున్నారు" అని మీ ప్రాజెక్టు నివేదికలో రాయవచ్చా? రాయకూడదు. ఎందుకు రాయకూడదో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం. శాసనం, కైఫీయతు, జనాభా లెక్కల పుస్తకం ఎలాగో ఫాలోవర్ల జాబితా కూడా అలాగే ఒక ఆధారం. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తయారు చేశారని అడిగిన తరువాతే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి.

3. ఒక పాత జాబితా: 1922 మన్యం పోరాటం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. తీసుకున్నవాటి వివరాలను స్టేషను రికార్డులో రాసి రాజు సంతకం చేశాడు.

అంటే ఆయుధాలకు లెక్క ఉంది. మరి అనుచరులకు? ప్రభుత్వ పత్రాల్లో గాం గంటందొర, గాం మల్లుదొర, అగ్గిరాజు వంటి నాయకుల పేర్లు కనిపిస్తాయి. దళానికి గంజి పోసినవారు, దారి చూపినవారు, పోలీసుల రాకను ముందే తెలియజేసినవారు చాలావరకు పేరు లేకుండానే మిగిలిపోయారు. పట్టుకోవలసినవారి పేర్లు కావాలన్నది పోలీసుల అవసరం. ఆ అవసరమే జాబితాకు రూపం ఇచ్చింది. జాబితాలో మనకు మొదట కనిపించేది దాన్ని రాసినవారి ప్రశ్న. నేటి జాబితాకూ ఇదే వర్తిస్తుంది.

4. జాబితాను పొందే విధానం

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కు వెళ్లి, మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే అవకాశాన్ని ఎంచుకోండి. ఫాలోవర్లకు సంబంధించిన భాగాన్ని మాత్రమే గుర్తించి, మొత్తం కాలానికి అడగండి. ఫైలు సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. హెచ్‌టీఎంఎల్ రూపంలో తీసుకుంటే తేదీలు నేరుగా చదవవచ్చు. జేసన్ రూపంలో తీసుకుంటే కాలం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్యగా ఉంటుంది. ఎక్సెల్‌లో ఆ సంఖ్యను 86,400తో భాగించి, 1970 జనవరి 1 తేదీకి కలిపి, మన సమయం కోసం మరో 5 గంటల 30 నిమిషాలు జోడించాలి. ఈ చివరి మెట్టు మరచిపోతే తెల్లవారుజామున చేరినవారు ముందురోజు లెక్కలో పడతారు.

ఇలా వచ్చే జాబితాలో ఖాతా పేరు, చేరిన సమయం ఉంటాయి. ఊరు, వయసు, భాష ఉండవు. అన్ని వేదికలూ ఒకే వివరాలు ఇవ్వవు. ఎక్స్ ఇచ్చే ఫైలులో ఖాతాల సంఖ్యలే ఉంటాయి. యూట్యూబ్‌లోనైతే తమ సబ్‌స్క్రిప్షన్‌ను బహిరంగంగా ఉంచినవారు మాత్రమే చానల్ యజమానికి కనిపిస్తారు.

5. విశ్లేషణ

5.1 కాలం: చేరిన తేదీలను నెలలవారీగా లెక్కిస్తే ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ప్రతి ఎత్తుకూ కారణం వెతకండి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరిన తరువాత అంతటి వరద అదే. ఆ వారంలో మీరు పాత వరదల చరిత్ర రాసి ఉంటే, చేరినవారిలో ఎక్కువమంది నీటిమట్టం తెలుసుకోవాలని వచ్చినవారు కావచ్చు. శ్రీరామనవమికి చేరినవారు కల్యాణం కోసం వచ్చే భక్తులు కావచ్చు. 2022 మార్చిలో ఆర్ఆర్ఆర్ విడుదలయ్యాక చేరినవారు సినిమా అభిమానులు కావచ్చు. వీరందరినీ 'చరిత్ర పాఠకులు' అనే ఒకే గంపకింద కమ్మడం తొందరపాటు.

ఇంకొక జాగ్రత్త అవసరం. ఈ జాబితాలో ఉన్నది ఇప్పటికీ మిగిలినవారే. వరద తగ్గాక వెళ్లిపోయినవారి పేర్లు అందులో ఉండవు. కనుక ఒక్క జాబితాతో పేజీ ఎదుగుదలను గీయలేం. ప్రతి నెలా ఒకటో తేదీన ఫైలు తీసి, పాతదానిని కొత్తదానితో పోల్చండి. పాతదానిలో ఉండి కొత్తదానిలో లేనివారు వెళ్లిపోయినవారో, ఖాతా మూసినవారో, పేరు మార్చుకున్నవారో అయి ఉంటారు.

5.2 స్థలం: ఊరి వివరాలు ఇన్‌సైట్స్ విభాగంలో శాతాలుగా మాత్రమే దొరుకుతాయి. ఈ సరిహద్దులో ఆ శాతాలను చదవడం సులభం కాదు. కూనవరాన్నే తీసుకోండి. గోదావరి, శబరి కలిసే ఈ ఊరు ఉన్న ప్రాంతాన్ని 1860లో నిజాం బ్రిటిష్ వారికి అప్పగించాడు. అది మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి మీ నివేదికలో జిల్లా పేరు రాసినప్పుడు ఏ సంవత్సరపు జిల్లా అన్నదీ రాయాలి.

ఇది కాగితం మీది మార్పు మాత్రమే కాదు. 1874 బదిలీ తరువాత రేకపల్లి ప్రాంతంలో పోడు శిస్తు పెరిగింది, అడవిపై ఆంక్షలు వచ్చాయి. 1879లో రంప పితూరీ ఆ ప్రాంతానికి పాకడానికి ఇదొక ముఖ్య కారణం. జాబితాలో ఒక గడి మారితే పొయ్యి మీది గంజి కూడా మారుతుంది.

5.3 లేనివారు: ఒక ఇంట్లో ఒకే ఫోను ఉంటే అయిదుగురు చూసినా ఒకే పేరు నమోదవుతుంది. సిగ్నల్ అందని గూడెం అసలు నమోదు కాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్ నుంచి వేలమంది గుత్తికోయలు ఖమ్మం అడవుల్లోకి తరలివచ్చారు. వారిలో చాలామంది పేర్లు ఏళ్ల తరబడి ఇక్కడి ఓటరు, రేషన్ జాబితాల్లోనే లేవు. అలాంటివారు మీ జాబితాలో కనిపించనంత మాత్రాన ఈ నేల చరిత్రతో వారికి సంబంధం లేదనగలమా?

6. పరిశోధకుని బాధ్యత

మడకం, సోయం, కుంజా వంటి ఇంటిపేర్లు చూసి ఫాలోవర్ల తెగను ఊహించి, వరుసలు కట్టాలనే కోరిక కలగవచ్చు. అలా చేయకండి. ఇంటిపేరు సూచన మాత్రమే, రుజువు కాదు. పైగా తెగ, ఊరు, ఆసక్తి పక్కపక్కన చేర్చిన పట్టిక మీ చేతుల్లో పాఠ్య సామగ్రి అయినా, మరొకరి చేతుల్లో నిఘా పట్టిక కాగలదు. అనుచరుల పేర్లు ఎవరికి, ఎందుకు కావలసి వచ్చాయో 1922 ఉదాహరణలో చూశాం. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టం మాట అలా ఉంచి, పరిశోధకునిగా మీరు ఒక నియమం పెట్టుకోండి: లెక్క పూర్తయ్యాక సంఖ్యలు ఉంచండి, పేర్లు తొలగించండి. ఫైలును వాట్సాప్ గ్రూపుల్లో పంపకండి. నివేదికలో ఎవరి పేరూ రాయకండి.

7. సారాంశం

ఫాలోవర్ల జాబితా ఒక రోజున మిగిలిన ఖాతాల లెక్క. ఎప్పుడు చేరారో అది చెబుతుంది, ఎందుకు చేరారో చెప్పదు. కాలాన్ని స్థానిక ఘటనలతో, స్థలాన్ని మారిన సరిహద్దులతో సరిచూడాలి. లేనివారిని గుర్తుంచుకోవాలి, ఉన్నవారిని కాపాడాలి.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒకే ఒక్క ఫాలోవర్ల జాబితాతో పేజీ ఎదుగుదలను ఎందుకు నిర్ణయించలేం?
2. కూనవరం ఉదాహరణ ఆధారంగా, స్థల వివరానికి సంవత్సరం జతచేయవలసిన అవసరాన్ని వివరించండి.
3. మీ గ్రామానికి చెందిన ఏదైనా ఒక జాబితాను తీసుకోండి. దాన్ని ఎవరు, ఎందుకు తయారు చేశారో, అందులో ఎవరు లేరో పది వాక్యాల్లో రాయండి.