తోటి విద్యార్థుల నాయకత్వం

పాఠశాలలో చదివే పిల్లల్లో కొందరు, ఉపాధ్యాయుల అండతో, సాటి పిల్లల చదువు, నడవడిక, మంచిచెడ్డల బాధ్యతను పంచుకునే పద్ధతి. తెలుగునాట క్లాస్ లీడర్, ఎస్పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్) అన్న పేర్లతో అందరికీ తెలిసినది దీనిలో ఒక రూపం. పై తరగతి విద్యార్థి కింది తరగతి వాడికి పాఠం చెప్పడం, పిల్లల తగవులు పిల్లలే తీర్చుకోవడం, ఒంటరిగా మిగిలిన వాడిని జట్టులో కలుపుకోవడం, దిగులుతో ఉన్న మిత్రుణ్ణి నమ్మకమైన పెద్దల దగ్గరికి తీసుకువెళ్ళడం మిగతా రూపాలు. ఈ పద్ధతి చరిత్రలో మద్రాసు నగరానికీ, దక్షిణ భారతదేశపు వీధిబడులకూ విశిష్ట స్థానం ఉంది.

వీధిబడులు

దక్షిణాదిలో పిల్లలు ఒకరికొకరు చదువు చెప్పుకోవడాన్ని వర్ణించిన తొలి విదేశీయుల్లో ఇటలీ యాత్రికుడు పియత్రో దెల్లా వల్లె ఒకడు. 1623లో నేటి కర్ణాటకలోని ఇక్కేరి గుడి వసారాలో నలుగురు పిల్లలు లెక్కలు నేర్చుకోవడం చూశాడు. నేల మీద సన్నటి ఇసుక చల్లుకుని, రాగం తీస్తూ చదువుతూ, చదివినదాన్ని వేలితో రాస్తున్నారు. పక్కన పంతులు లేడు. తప్పు పోతే ఎవరు దిద్దుతారని అడిగాడు. నలుగురూ ఒకే చోట తప్పడం జరగదనీ, ఒకడు తడబడితే మిగిలినవాళ్ళు సరిచేస్తారనీ, అందుకే కలిసి చదువుతున్నామనీ పిల్లలు జవాబిచ్చారు.

ఆ తర్వాత కూడా వీధిబడుల్లో ఈ తీరు కనిపిస్తూ వచ్చింది.

ఎగ్మూరు ప్రయోగం

స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టిన ఆండ్రూ బెల్ మతాచార్యుడిగా 1787లో మద్రాసు చేరాడు. 1789లో ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఐరోపా సైనికులకు భారతీయ స్త్రీల వల్ల పుట్టినవాళ్ళు. ఉపాధ్యాయులు కొద్దిమందే, వాళ్ళకు కొత్త పద్ధతుల మీద ఆసక్తీ తక్కువే.

ఒక ఉదయం గుర్రం మీద వెళుతూ బెల్, ఆంగ్లేయులు ‘మలబారు బడి’ అని పిలిచే ఒక స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం గమనించాడు. తన శరణాలయంలోనూ అలా నేర్పించమని ఉపాధ్యాయుణ్ణి కోరితే, అది కుదిరే పని కాదన్నాడతను. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కిన్ అనే విద్యార్థిని పిలిచి అక్షరమాల తరగతిని అప్పగించాడు. ఫ్రిస్కిన్ ఒక సామాన్య సైనికుడి కొడుకు. పెద్దవాళ్ళు కాదన్న పనిని ఆ పిల్లవాడు చక్కగా నెగ్గించాడు. దాంతో బెల్ మిగతా తరగతులనూ క్రమంగా విద్యార్థుల చేతికే ఇచ్చాడు. తరగతికొక బాల ఉపాధ్యాయుడు, అతనికొక సహాయకుడు ఉండేవారు. తరగతి లోపల బాగా చదివేవాణ్ణి, వెనకబడినవాణ్ణి జతగా కూర్చోబెట్టేవారు.

బెల్ సంస్కరణ చదువుతో ఆగలేదు. పిల్లలు చేసిన తప్పులను ఒక పుస్తకంలో రాయించి, వారానికోసారి అందరి ముందు చదివించి, తీర్పు చెప్పే పనిని తోటి పిల్లల జూరీకి వదిలాడు. బెత్తం వాడకం బాగా తగ్గింది. పిల్లల్లో పరస్పర ఆదరం, బాధ్యత పెరగడమే ఈ ఏర్పాటు సాధించిన గొప్ప ఫలితమని బెల్ భావించాడు. 1796లో స్వదేశానికి వెళ్ళి, మరుసటి ఏడాది లండన్‌లో తన ప్రయోగాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఇంగ్లండులో దీనికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది.

ఇసుకలో రాయించడం మలబారు బడి నుంచి వచ్చిందని బెల్ ఒప్పుకున్నాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించడం మాత్రం తన సొంత ఆలోచనేనన్నాడు. కానీ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లే 1814 జూన్ 3 నాటి లేఖలో, ఈ దేశపు పల్లెబడుల్లో అనాదిగా ఉన్న బోధనా విధానాన్నే బెల్ ద్వారా ఇంగ్లండు స్వీకరించిందని మెచ్చుకోలుగా రాశారు.

బళ్ళారి నివేదిక

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల వారీగా బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. అందిన నివేదికల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది అమూల్యమైనది. తెలుగు వ్యాకరణం రాసి 1816లో ప్రచురించిన అధికారి ఆయనే. ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు ఆయన లెక్క తేల్చాడు. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

బడి దినచర్యనూ క్యాంప్‌బెల్ దగ్గరగా చూసి రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారు. ఆపైన పిల్లలను చదువును బట్టి సాధారణంగా నాలుగు తరగతులు చేస్తారు. కింది తరగతుల బాధ్యత కొంతవరకు పెద్ద విద్యార్థులది, పై తరగతులు పంతులు కనుసన్నల్లో ఉంటాయి. ముందున్నవాడు వెనకున్నవాడికి చెబుతూ తన చదువునూ గట్టిపరచుకునే ఈ తీరు ప్రశంసనీయమనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సమంజసమేననీ ఆయన రాశాడు. అదే కలంతో ఈ బడుల లోపాలూ ఎత్తిచూపాడు: పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారు, పేదరికం వల్ల బడులు మూతపడుతున్నాయి.

ఈ నివేదికలను గాంధేయ పరిశోధకుడు ధరంపాల్ 1983లో తన గ్రంథంలో ప్రచురించి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఇంగ్లండులో వ్యాప్తి, క్షీణత

లండన్‌లోని బరో రోడ్డులో 1798లో బడి తెరిచిన జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి పద్ధతినే భారీ ఎత్తున నడిపాడు. ఒక్క ఉపాధ్యాయుడి కింద వందల మంది పిల్లలు, వాళ్ళ మీద విద్యార్థి మానిటర్లు. ఖర్చు తక్కువ కావడంతో ఈ బడులు వేగంగా పెరిగాయి. బెల్ పద్ధతిని వ్యాప్తి చేయడానికి 1811లో నేషనల్ సొసైటీ ఏర్పడింది. అయితే లాంకాస్టర్ బడుల్లో మానిటర్ల పని పాఠాలు అప్పజెప్పించుకోవడానికీ, తప్పు చేసినవాళ్ళ పేర్లు ఇవ్వడానికీ కుదించుకుపోయింది. తప్పు చేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసే శిక్షలుండేవి. ఎగ్మూరులో పిల్లల మధ్య చెలిమిగా మొదలైనది ఇక్కడ చవకైన అజమాయిషీగా దిగజారింది. 1846లో జీతమిచ్చి శిక్షణ ఇచ్చే విద్యార్థి ఉపాధ్యాయుల పథకం రావడంతో మానిటర్ల వ్యవస్థ క్రమంగా కనుమరుగైంది.

మరోవైపు, రగ్బీ పాఠశాలలో 1828 నుంచి 1842 వరకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ పై తరగతి ప్రిఫెక్టులకు అధికారం అప్పగించాడు. భారతదేశంలోని అనేక కాన్వెంటు, పబ్లిక్ స్కూళ్ళలో నేటికీ ఉన్న ప్రిఫెక్టు, హౌస్ కెప్టెన్ పదవులు ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే.

వార్సా బాలల న్యాయస్థానం

పోలండు వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్ 1912లో వార్సాలో ప్రారంభమైన యూదు అనాథాశ్రమంలో పిల్లల పార్లమెంటు, పిల్లల న్యాయస్థానం నెలకొల్పాడు. ఆ వారం ఎవరి మీద ఫిర్యాదు లేదో వాళ్ళలో నుంచి అయిదుగురు న్యాయమూర్తులను చీటీ వేసి ఎంచేవారు. తీర్పుల స్మృతిలో ఎక్కువ భాగం క్షమకు సంబంధించినదే. ఆ న్యాయస్థానం ముందు కోర్చాక్ కూడా ముద్దాయిగా నిలబడ్డాడు. 1942లో నాజీలు పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకునే అవకాశాలు వచ్చినా కాదని వాళ్ళతోనే వెళ్ళాడు.

వేధింపుల నివారణ, మానసిక ఆరోగ్యం

బడిలో పిల్లల మధ్య వేధింపులను నార్వేలో డాన్ ఓల్వేయస్ శాస్త్రీయంగా పరిశోధించాడు. అక్కడ 1983లో జాతీయ స్థాయి కార్యక్రమం మొదలైంది. ఫిన్లండులో క్రిస్టీనా సాల్మివల్లి 1996లో తన సహచరులతో కలిసి, వేధింపు ఇద్దరి మధ్య వ్యవహారం కాదని చూపింది. వంత పాడేవాళ్ళు, చూసీ చూడనట్టుండేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు అందరూ అందులో భాగమే. ఆ ఆలోచన మీద తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన కివా కార్యక్రమం 2009 నుంచి దేశమంతటా అమలైంది. బాధకు గురైన విద్యార్థికి తోడుగా ఉండమని తరగతిలో మంచిపేరున్న ఇద్దరు నుంచి నలుగురిని ఉపాధ్యాయులు కోరడం అందులో ఒక మెట్టు.

అమెరికాలో 1998లో నార్త్ డకోటాలో మార్క్ లోమరే మొదలుపెట్టిన ‘సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్’ ఆత్మహత్యల నివారణకు ఉద్దేశించినది. రకరకాల స్నేహబృందాల నుంచి పీర్ లీడర్లను (తోటి విద్యార్థి నాయకులను) ఎంచి, పెద్దల తోడు ఇచ్చి, సహాయం అడగడం తప్పు కాదన్న భావనను బడిలో నాటుతారు. 18 ఉన్నత పాఠశాలల్లో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. పెద్ద బడుల్లో శిక్షణ పొందిన పీర్ లీడర్లు, ఆత్మహత్య ఆలోచనలున్న మిత్రుణ్ణి పెద్దల దృష్టికి తెచ్చే అవకాశం శిక్షణ లేనివారితో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువని అది తేల్చింది.

న్యూజెర్సీలోని 56 మాధ్యమిక పాఠశాలల్లో ఎలిజబెత్ పాలక్ బృందం చేసిన ప్రయోగం 2016లో ప్రచురితమైంది. వాటిలో సగం బడుల్లో కొద్దిమంది విద్యార్థులను ఎంచి, తగవులు, వేధింపుల మీద తమ బడిలో తామే ప్రచారం నడపమన్నారు. ఎవరైనా స్నేహంగా మెలిగితే వాళ్ళకు ఈ పిల్లలు నారింజ రంగు చేతిపట్టీ ఇచ్చేవారు. ప్రచారం నడవని బడులతో పోలిస్తే ఏడాదిలో తగవుల ఫిర్యాదులు 30 శాతం తగ్గాయి. ప్రచారానికి వేసిన పోస్టర్లలోని మాటలు పిల్లలు ఎంచుకున్నవే. ఎక్కువమంది పిల్లల కంట పడే విద్యార్థులు జట్టులో ఎంత ఎక్కువగా ఉంటే ఫలితం అంత బలంగా వచ్చింది. మార్కుల జాబితాలో మొదట ఉన్నవాణ్ణే లీడరుగా పెట్టే అలవాటున్న బడులకు ఇది ఉపయోగకరమైన పాఠం.

భారతదేశంలో ఇటీవలి కాలం

మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ పల్లెబడుల కోసం అందమైన బోధనా విధానాన్ని తీర్చిదిద్దారు. ఇందులో ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలుంటారు. గోడ మీద ‘నిచ్చెన’ పటం చూసి ప్రతి పిల్లవాడూ తానెక్కడున్నాడో తెలుసుకుని, బొమ్మ గుర్తున్న కార్డు తీసుకుని తగిన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకు ఉపాధ్యాయుడు చెబుతాడు, మరో గుంపులో తెలిసిన పిల్లలు తెలియనివారికి చెబుతారు. చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో 2003లో మొదలై తమిళనాడు అంతటా విస్తరించిన కృత్యాధార బోధనకు ఇదే ప్రేరణ.

కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార బాలబాలికల్లో నుంచే తోటి శిక్షకులను ఎంపిక చేసే పద్ధతి ప్రవేశపెట్టింది. ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2020లో ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులు, క్లాస్ లీడర్లు వారి సందేశవాహకులు. అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడమే పనిగా ఉన్న క్లాస్ లీడరుకు సాటివారి యోగక్షేమాల బాధ్యత ఇవ్వడం దీనిలోని మేలైన అంశం. పిల్లలు తెచ్చిన కబురును తీరికగా విని, తగిన సాయం అందించే ఉపాధ్యాయులున్న చోటే ఆ బాధ్యత నెరవేరుతుంది.