మెహర్ ఎవరి చేతికి?

తడలో మా ఇంటి నికాహ్‌లన్నిట్లో అమ్మీ మొదటి సవాల్ ఒకటే: "మెహర్ పిల్ల చేతికి ముట్టిందా?" సూరె నిసా (4:4) హుకుం కూడా అదే. హైదరాబాద్ పాతబస్తీ తారీఖ్ చదివాక ఆ మాట విలువ నాకు తెలిసింది. గల్ఫ్ షేక్‌ల కొన్నాళ్ల నికాహ్‌లలో సొమ్ము దళారులకు, ఇంటివాళ్లకు పోయింది. నికాహ్ నాడే తలాక్ కాగితం మీద కూడా అమ్మాయిల దస్తఖత్‌లు తీసుకున్నారు. 1991లో ఒక పసిపిల్లను విమానంలో ఎయిర్‌హోస్టెస్ కాపాడింది. 2017లో షేక్‌లతో పాటు ఖాజీలూ అరెస్టయ్యారు. సున్నీ ఉలమా ముత్ఆను హరాం అంటారు. నికాహ్ అని పేరు పెడితే నియ్యత్ మారుతుందా? షేక్ వెళ్లిపోయాక ఇద్దత్‌లో, ఒక్కోసారి కడుపులో బిడ్డతో, మిగిలింది ఆమె. ఖుబూల్ చెప్పించే ముందు అమ్మీ సవాల్ మీరూ అడగండి.